పెట్టె యొకటి, కన్నులు పెక్కు



ఈనాటి ప్రసంగ విషయము ఫోటో తీయు యంత్రము. అందును, ముందు భాగమున నుండు లెన్సును ఊడదీసి, పనిని బట్టి మరియొక లెన్సును తగిలించుకొనుటకు వీలైన డిజిటల్ కెమేరా. మా ధర్పల్లిలో గాని, చుట్టుప్రక్కల పల్లెలలో గాని పెండ్లి జరిగినచో అట్టి కెమేరాను మెడలో వేసికొని యొక యువకుడు తప్పక వచ్చుచున్నాడు. అతని సంచిలో పెట్టె యొకటి, లెన్సులు మూడు నుండును. "ఒక్క కన్ను చాలదా నాయనా, ఇన్ని యెందులకు?" అని పెద్దలు అడుగుచుందురు. ఆ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న 180 ఏండ్లకు పైబడిన చరిత్రను తిరుగవేయవలెను. ముందు ఆ చరిత్రను చెప్పి, పిమ్మట ఆ యంత్రమును సిద్ధపరచు విధమును, దానిచేత మన పల్లెలు చేయించుకొనవలసిన యొక ముఖ్య కార్యమును విన్నవించెదను.

తలుపులన్నియు మూసిన చీకటి గదిలో, తలుపునందలి చిన్న రంధ్రము గుండ వెలుగు వచ్చి, బయటి చెట్టును ఎదుటి గోడపై తలక్రిందులుగా చూపుట మీలో పెక్కురు చూచియే యుందురు. కెమేరా యనగా ఆ చీకటి గదియే. పూర్వులు ఆ గదిని చిన్న పెట్టెగా చేసి, రంధ్రమునకు గాజుబిళ్ళ నమర్చి, బొమ్మను స్పష్టముగా చూడగలిగిరి. కాని ఆ బొమ్మ వెలుగుతో వచ్చి వెలుగుతోనే పోయెడిది. దానిని పారిపోకుండ పట్టు నుపాయము 1839వ సంవత్సరమున పారిస్ నగరమున లోకమునకు వెల్లడియయ్యెను. డాగేర్ అను నతడు వెండిపూత గల రాగిరేకుపై వెలుగు బొమ్మను నిలిపి చూపెను.

ఆ తొలి యంత్రమునకు గల లెన్సు వెలుతురును మిక్కిలి కొద్దిగా మాత్రమే లోనికి రానిచ్చెడిది. మంచి యెండలోనైనను నిమిషముల కొలది కదలక మెదలక కూర్చుండవలసి యుండెను. మనుష్యుని ముఖము తీయుట దుస్సాధ్యమైనది. అప్పుడు వియన్నా నగరమున పెట్జ్‌వాల్ అను గణితాచార్యుడు లెక్కలు కట్టి, 1840లో క్రొత్త లెన్సును రూపొందించెను. అది మునుపటి దానికంటె సుమారు 16 రెట్లు వెలుతురును గ్రహించెను. నిమిషముల పని క్షణములలోనికి వచ్చెను. అయితే దానికి నొక లోపము గలదు. నడుమ నున్నది చక్కగా కనబడును. అంచులు మసకగా నుండును. ముఖము తీయుటకు అది దోషము గాదు, అందమే. కాని గోపురమును, కోటగోడను తీయువానికి అంచులు గూడ స్పష్టముగా నుండవలెను. అతనికి పాత లెన్సే మేలు.

కావున ఫోటో తీయువాడు ఆనాడే రెండు లెన్సులను దగ్గర నుంచుకొనవలసి వచ్చెను. దుక్కికి నాగలి, విత్తుటకు గొర్రు, అంతరసేద్యమునకు గుంటుక. రైతు ఒకే పనిముట్టుతో అన్ని పనులు చేయడు గదా! ముఖమునకు నొక కన్ను, కట్టడమునకు నొక కన్ను. పెట్టె యొకటే. లెన్సులు మార్చుకొను పద్ధతికి మూలమిదియే. ఈ కాలపు వింతగా మనకు తోచునది కెమేరా పుట్టిన మరుసటి యేడే ఆరంభమైనది.

ఈ విద్య మన దేశమునకు త్వరలోనే వచ్చెను. 1840 నాటికే కలకత్తా చేరెను. 1856లో చెన్నపట్టణమున ఛాయాచిత్ర సంఘ మేర్పడెను. మన హైదరాబాదు రాజ్యమున ఈ కళకు శాశ్వతమైన కీర్తి తెచ్చినవాడు లాలా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ చెంతనున్న సర్ధానా గ్రామమున జన్మించెను. రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందూరులో ప్రజాపనుల శాఖయందు నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. ఇది మన నిజామాబాదునకు పాతపేరైన ఇందూరు గాదు, మాళవదేశములోని ఇందూరు. అచ్చట నుండగా ఫోటో విద్య నేర్చి, తుదకు ఉద్యోగమును విడిచి, ఈ విద్యనే వృత్తిగా స్వీకరించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించెను. 1886లో సికిందరాబాదున ఆయన స్టూడియో వెలసెను. 1892లో ఘోషా స్త్రీల కొరకు హైదరాబాదులో ప్రత్యేక స్టూడియో నేర్పరచి, అందు నొక ఆంగ్ల వనితను ఫోటోలు తీయుటకు నియమించెను. 1894లో నిజాము ఆయనకు ముసవ్విర్ జంగ్ అను బిరుదమిచ్చి రాజాను చేసెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడని యర్థము. 1905లో ఆయన స్వర్గస్థుడయ్యెను.

ఆ కాలమున నొక ఫోటో తీయుటకు యంత్రమును సిద్ధపరచుట యెంత పనియో యోచింపుడు. కొయ్యపెట్టె, దాని వెనుక కమ్మరి తిత్తివలె ముడుతలు ముడుతలుగా సాగు తోలుసంచి, మూడుకాళ్ళ స్టాండు, బరువైన గాజు పలకలు, వీనినన్నిటిని బండిమీదనో, కూలీల తలలమీదనో మోయింపవలెను. లెన్సు నొక చిన్న పలకకు బిగించి, ఆ పలకను పెట్టె ముందు భాగమున నిలిపెడివారు. లెన్సు మార్చవలెనన్న ఆ పలకను తీసి వేరొక పలకను పెట్టుటయే. పిమ్మట నల్లగుడ్డ కప్పుకొని, వెనుకనున్న గరుకు గాజుపై తలక్రిందులుగా కనబడు బొమ్మను చూచుచు, స్పష్టత కుదురువరకు ముందునకు వెనుకకు జరుపవలెను. అంతయు కుదిరిన తరువాత గరుకు గాజును తీసి, మందు పూసిన గాజు పలకను పెట్టవలెను. తడి ఆరకముందే ముగింపవలసిన తొల్లింటి పలకలకు బదులు, 1871 తరువాత పొడి పలకలు వచ్చుటచేత ఈ శ్రమ కొంత తగ్గెను. అయినను ఒక్క పలకకు ఒక్క అవకాశమే. తప్పిన పలక తప్పినదే. అందువలన ఆ తరము వారు మీట నొక్కుటకు ముందే బుద్ధితో చిత్రమును ముగించుకొనెడివారు.

దీన్ దయాళ్ తీసిన గోల్కొండ, చార్మినారు, ఫలక్‌నుమా చిత్రములు నేటికిని నిలిచియున్నవి. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో ఆయన కుటుంబమునుండి 2,857 గాజు పలకలను సేకరించి కాపాడుచున్నది. పగులు స్వభావము గల గాజు నూరేండ్లు నిలుచుటకు కారణము, దానిని దాచినవారి శ్రద్ధయే గాని వేరొకటి గాదు.

ఇచ్చట మన మొక విషయమును గమనింపవలెను. ఆయన చిత్రములలో ప్రభువులు, దివానులు, దొరలు పేర్లతో నున్నారు. కరవు కాలమున ఔరంగాబాదు ప్రాంతమునందు ప్రభుత్వము జరిపిన సహాయ కార్యములను గూడ ఆయన చిత్రించెను. ఆ చిత్రములలోని నిరుపేదల ముఖములు మనకు కనబడుచున్నవి. పేర్లు మాత్రము వినబడవు. ముఖము నిలిచియు పేరు పోయినచో ఆ మనుష్యుడు సగమే మిగిలినట్లు. ఈ మాటను మనసున నుంచుకొనుడు; దీనితో మనకు పని యున్నది.

కాలము గడచినకొలది పెట్టె చిన్నదయ్యెను. 1925లో జర్మనీదేశమున లైకా అను చేతికెమేరా విపణికి వచ్చెను. దానియందు గాజు పలకకు బదులు సినిమా ఫిల్ము వాడెడివారు. మొదట దాని లెన్సు కదలనిది. 1930లో లెన్సు మార్చుకొను వీలు కలిగించిరి. 1959లో జపానుదేశపు నికాన్ సంస్థవారి 'ఎఫ్' కెమేరా వెలువడెను. అందు లోపలనున్న అద్దము, లెన్సు చూచిన దానినే మన కంటికిని చూపును. కావున ఏ లెన్సు తగిలించినను, అది చూచు దృశ్యమునే మనమును చూచెదము. పత్రికలవారు, పెండ్లి ఫోటోలవారు పెక్కేండ్లు ఇట్టి అద్దపు కెమేరాలనే వాడిరి.

పిమ్మట ఫిల్ము గూడ పోయెను. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున వెలుగును విద్యుత్తుగా మార్చి లెక్కపెట్టు పరికరము నిద్దరు శాస్త్రజ్ఞులు కల్పించిరి. వారికి 2009లో నోబెల్ బహుమానము లభించెను. 1975లో కోడక్ సంస్థయందలి సాసన్ అను ఇంజనీరు అట్టి పరికరముతో తొలి డిజిటల్ కెమేరాను చేసెను. అది యించుమించు మూడున్నర కిలోల బరువుండెను. ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెను. ఆ బొమ్మలో 10,000 చుక్కలు మాత్రమే యుండెను. ఈనాటి మామూలు కెమేరా బొమ్మలో రెండుకోట్లకు పైగా చుక్కలుండును. 1991లో కోడక్ వారు నికాన్ పెట్టెకే డిజిటల్ పరికరము నమర్చి అమ్మిరి. పాత లెన్సులే క్రొత్త యంత్రమునకు పనికివచ్చెను. 2008 నుండి అద్దము లేని కెమేరాలు సైతము వచ్చినవి. రేకు పోయి గాజు వచ్చెను, గాజు పోయి ఫిల్ము వచ్చెను, ఫిల్ము పోయి సెన్సారు వచ్చెను. పనికి తగిన లెన్సును ఎన్నుకొను విద్య మాత్రము పెట్జ్‌వాల్ నాటి నుండి నేటివరకు మారలేదు.

ఇక యంత్రమును సిద్ధపరచు విధము. మీ మనుమడు క్రొత్త కెమేరాను పెట్టెనుండి తీయుచున్నప్పుడు ఈ క్రమమును జ్ఞాపకము చేయుడు.

మొదట బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయవలెను. తరువాత కార్డును లోపల నుంచి, కెమేరాలోనే దానిని ఫార్మాటు చేయవలెను. ఫార్మాటు చేయుట యనగా పలకను తుడిచివేయుట వంటిది. కార్డులో పాత బొమ్మలున్నచో ముందుగా వేరొకచోట దాచనిదే ఆ పని చేయరాదు.

రెండవది లెన్సు తగిలించుట. స్విచ్చి ఆపివేసి, పెట్టె ముఖమును నేలవైపునకు వంచి పట్టుకొని, మూత తీసి, పెట్టెపై గుర్తును లెన్సుపై గుర్తును జతచేసి, టిక్కుమని శబ్దము వచ్చువరకు త్రిప్పవలెను. బలవంతము పనికిరాదు. వరికోతల కాలమున, పసుపు ఆరబోసిన కళ్ళములవద్ద ధూళి మెండు. అచ్చట గాలికి వీపు పెట్టి, వీలైనచో ఇంటిలోనే లెన్సు మార్చవలెను. ధూళి లోనికి పోయినచో ప్రతి బొమ్మపైనను మచ్చ పడును. వానకాలమున లెన్సునకు బూజు పట్టును గనుక, బిగుతైన మూతగల డబ్బాలో తేమ పీల్చు పొట్లములతో నుంచవలెను.

మూడవది తేదీయు, గంటయు, దేశమును సరిచేయుట. ఇది అల్పమైన పనియని పెక్కురు దాటివేయుదురు. చరిత్ర దృష్టితో జూచిన ఇదియే ప్రధానము. డిజిటల్ కెమేరా ప్రతి బొమ్మ కడుపులోను తీసిన దినమును, గడియను వ్రాసిపెట్టును. మన జిల్లా యువకులు గల్ఫ్ దేశములనుండి కెమేరాలు తెచ్చుచుందురు. దుబాయి గడియారము మన గడియారమునకు గంటన్నర వెనుకనుండును. దానిని మార్చనిచో రాత్రి పన్నెండున్నరకు జరిగిన లగ్నము ముందునాటి తేదీన జరిగినట్లు నమోదగును. ఏబదియేండ్ల తరువాత చూచువారు ఆ తప్పుడు తేదీనే ప్రమాణముగా గైకొందురు.

నాలుగవది బొమ్మ పరిమాణము. అన్నిటికంటె పెద్ద పరిమాణమును, మేలైన నాణ్యమును ఎన్నుకొనవలెను. ముఖ్యమైన పనికి 'రా' అను రూపమునగూడ దాచుట మంచిది; అది వండని బియ్యము వంటిది, తరువాత నెట్లైనను వండుకొనవచ్చును.

ఐదవది లెన్సు ఎన్నిక. లెన్సుపై మిల్లీమీటర్లలో నొక సంఖ్య యుండును. సంఖ్య చిన్నదైనకొలది దృశ్యము వెడల్పు, పెద్దదైనకొలది దూరపు వస్తువు దగ్గర. ఫిల్మంత సెన్సారు గల కెమేరాలో 50 మిల్లీమీటర్లది సహజముగా చూపును. సెన్సారు చిన్నదైనచో 35 మిల్లీమీటర్లదే ఆ పని చేయును. డిచ్‌పల్లి ఖిల్లా రామాలయ మంటపమును లోపల నిలిచి తీయుటకు 24 మిల్లీమీటర్లది తగును. ఆ గుడి శిఖరమునందలి శిల్పమును క్రిందనుండి తీయుటకు 200 మిల్లీమీటర్లది కావలెను. ముఖమునకు 85 మిల్లీమీటర్లది సొంపు. ఇన్ని కన్నులెందుకని అడిగిన పెద్దలకు ఇదే సమాధానము.

కడపటిది వెలుతురు లెక్క. లెన్సులోని ద్వారమెంత తెరువవలెను, ఎంతసేపు తెరచియుంచవలెను, సెన్సారునకు ఎంత చురుకుదన మీయవలెను అను మూడును కలిసిన లెక్క యిది. మడికి నీరు పెట్టుటవంటిదే: తూము పెద్దదైన తక్కువసేపు చాలును, తూము చిన్నదైన ఎక్కువసేపు పారవలెను. చురుకుదనమును ఐ.ఎస్.ఓ. యందురు. అది పెంచినకొలది చీకటిలోను బొమ్మ వచ్చును గాని, ఇసుక చల్లినట్లు గరుకు పడును.

ఇంతవరకు చెప్పినది యంత్రము సంగతి. దానిచేత మనము చేయింపవలసిన పని యేమి? పెండ్లిండ్ల బొమ్మలు ఎట్లును తీయుదురు. నేను చెప్పునది పాత ఫోటోల సంగతి.

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము 1937లో స్థాపితమయ్యెను. మన ప్రాంతమునుండి ఎన్ని కుటుంబములు అచ్చట పనిచేసి బ్రదికెనో మీకు తెలియును. 2015లో అచ్చట గానుగ నిలిచిపోయెను. ఆ కార్మికులు వరుసగా నిలిచి తీయించుకొనిన గుంపు ఫోటోలు ఇండ్లలో గోడలకు వ్రేలాడుచున్నవి. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు జలాశయమున, నేటి శ్రీరాంసాగరమున, పెక్కు ఊళ్ళు మునిగెను. ఆ ఊళ్ళ గుడులు, చావళ్ళు, వేపచెట్లు మరల చూడవలెనన్న ఎవరి ఇంటనో మిగిలిన యొక్క ఫోటోయే దిక్కు. ఆ కాగితములను చెదలు తినుచున్నవి, వాన తడుపుచున్నది. కాగితమునకంటె ముందు నశించునది మరియొకటి గలదు: ఆ ముఖములకు గల పేర్లు. అవి మీ జ్ఞాపకమునందు మాత్రమే యున్నవి. మూడవ వరుసలో నెడమనుండి రెండవవాడెవరో చెప్పగలవారు ఊరి కొకరో ఇద్దరో మిగిలియుందురు. కరవుకాలపు నిరుపేదలకు పట్టిన గతియే రేపు మన తాతలకును పట్టరాదు.

కావున ఊరనున్న కెమేరా యువకుని పిలువుడు. ఉత్తరపు వసారా నీడలో బల్లపై పాత ఫోటోను పరచవలెను. పటము అద్దమునుండి సులువుగా వచ్చినచో తీయవలెను; అద్దమునకు అంటుకొనినచో లాగరాదు, అద్దము మీదుగానే ప్రక్కవెలుతురున తీయవలెను. కెమేరాను స్టాండుపై నిలిపి, ఫోటోకు సరిగా సమాంతరముగ వంచవలెను. దగ్గరి వస్తువులను తీయు మాక్రో లెన్సు శ్రేష్ఠము. లేనిచో 50 మిల్లీమీటర్లది చాలును. ఐ.ఎస్.ఓ. 100, ద్వారము ఎఫ్ 8, ఫ్లాషు వలదు. చేతి కదలిక సోకకుండ రెండు సెకండ్ల టైమరు పెట్టవలెను. ఫోటో వెనుకవైపు వ్రాత యేదైన నున్నచో దానిని గూడ తీయవలెను.

అటుపిమ్మట మీ వంతు. ప్రక్కన కూర్చుండి, ఎవరెవరో, ఏ ఊరివారో, ఏ యేడో, వరుసక్రమమున చెప్పుడు. యువకుడు నోటుపుస్తకమున వ్రాసి, బొమ్మ సంఖ్యను దానికెదుట వేయవలెను. కార్డు ఒక్కటే నమ్మకము గాదు. ఒక ప్రతి ఇంట, ఒక ప్రతి బంధువుల ఇంట, ఒక ప్రతి మంచి కాగితముపై అచ్చు వేయించి ఉంచవలెను. గాజు పలక పగిలినను కంటికి ముక్కలు కనబడును; కార్డు చెడినచో ఏమియు మిగులదు.

రాజుల ముఖములను దాచుటకు ఆస్థాన ఛాయాచిత్రకారు డుండెను. మన ముఖములను దాచుటకు మన పిల్లల చేతిలో నొక పెట్టెయు, నాలుగు కన్నులును గలవు. అవి ముఖమును చూడగలవే గాని పేరును చూడలేవు. పేరు చెప్పవలసినవారు మీరు. ఆ పనిని వచ్చు పండుగకు పిల్లలందరు ఇంటికి చేరినప్పుడు ఆరంభింపుడని ప్రార్థించుచు, ఇంతటితో విరమించుచున్నాను.